ఊరు కదల్లేదు... జిల్లాలే మారాయి

1930లో నౌపడలో పుట్టిన ఓ మనిషిని ఊహించుకోండి. పుట్టినప్పుడు ఆయనది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆరేళ్లు వచ్చేసరికి విశాఖపట్నం జిల్లా వాడయ్యాడు. ఇరవయ్యో ఏట శ్రీకాకుళం జిల్లా వాడయ్యాడు. ఇరవై మూడో ఏట ఆంధ్ర రాష్ట్రం, ఇరవై ఆరో ఏట ఆంధ్రప్రదేశ్. ఇన్ని చిరునామాలు మారినా ఆయన గుమ్మం దాటింది లేదు. అదే ఇల్లు, అవే ఉప్పు మళ్లు, అదే రైలుస్టేషన్.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం జిల్లా రెండుగా చీలింది. పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది. టెక్కలి, నౌపడ ఇటు ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టాక అందులోకి వచ్చాయి. ఈ తేదీలు పోటీ పరీక్షలు రాసే పిల్లలకు కంఠతా వచ్చు. కానీ వీటి వల్ల ఊరికి వచ్చిన చిక్కు ఒకటుంది. ఊరు ఒక్కచోటే ఉంది, దాని కాగితాలు మాత్రం దేశమంతా చెదిరిపోయాయి.

1936కు ముందు సంగతి కావాలంటే గంజాం జిల్లా దస్తావేజుల్లో, చెన్నై ఎగ్మూరులోని పాత రికార్డుల్లో వెతకాలి. తరువాతి పద్నాలుగేళ్లకు విశాఖపట్నం. ఆ తరువాత శ్రీకాకుళం. ఇక రైలు సంగతులంటే కలకత్తా గార్డెన్ రీచ్‌లో కొలువుదీరిన బెంగాల్ నాగపూర్ రైల్వేను తలుచుకోవాలి. ఉప్పు శాఖ కేంద్రం చేతిలోకి పోయింది, దాని పెద్ద కార్యాలయం జైపూర్‌లో వెలిసింది. పెద్ద నగరాలకైతే చరిత్రకారులుంటారు, విశ్వవిద్యాలయాలుంటాయి. సంతబొమ్మాళి మండలంలోని ఓ ఊరి కోసం ఇన్ని ఊళ్లు ఎవరు తిరుగుతారు?

ఉప్పు పండిన ఊరు

నౌపడ అనగానే శ్రీకాకుళం జిల్లా వాళ్లకు మొదట గుర్తొచ్చేది ఉప్పు. పోటు మీద వచ్చే సముద్రపు నీటిని మళ్లించి, ఒక మడి నుంచి ఇంకో మడికి పంపుతూ ఎండకు చిక్కబరుస్తారు. ఆ చిక్కదనం కొలత మీద 25 డిగ్రీలకు చేరేసరికి ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. అప్పుడు గీకి గట్ల మీద కుప్పలు పోస్తారు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం నడినెత్తిన ఎండ, కాళ్ల కింద కోసే ఉప్పు, వానొస్తే చేతికొచ్చిన పంట నీళ్లలో కలిసిపోతుందన్న బెంగ.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం 1805లో మొదలైంది. అక్కడి నుంచి 1947లో ఉప్పు పన్ను రద్దయ్యే దాకా, అంటే నూట నలభై ఏళ్లకు పైగా, ఈ తీరంలో పండిన ఉప్పు మీద సర్కారు కన్ను పడుతూనే ఉంది. 1930లో గాంధీజీ దండిలో పిడికెడు ఉప్పు పట్టుకుంటే దేశం ఎందుకు కదిలిందో ఉప్పు మళ్ల పక్కన పుట్టిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కళ్లెదుట కుప్పలున్నా గుప్పెడు తీసుకుంటే నేరమయ్యే చోట బతికిన తాతముత్తాతలు వాళ్లకున్నారు.

పాత రికార్డుల్లో ఈ ఉప్పు సంగతి లేకపోలేదు. ఎంత పండింది, ఎంత పన్ను వచ్చింది, లైసెన్సు ఎవరి పేరున ఉంది అన్నవి సర్కారుకు కావాలి కాబట్టి రాసుకుంది. ఉప్పు గీకిన ఆడమనిషి పేరు సర్కారుకు అక్కర్లేదు, రాయలేదు. ఆమె చంకబిడ్డను గట్టు మీద ఎక్కడ పడుకోబెట్టింది, కూలి డబ్బులా గింజలా, అరికాలి పుండ్లకు ఏ మందు రాసుకుంది అన్నవి ఏ ఆర్కైవ్స్‌లో వెతికినా దొరకడం కష్టం. అవి దొరికేది మనవరాలి దగ్గరే, అదీ ఆమె తన మామ్మను అడిగి ఉంటేనే.

చిన్న బండి

రెండో గుర్తు రైలు. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలిపే తూర్పు తీరపు లైను ఇటుగా పడింది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన రాజధానిని ఆ లైనుకు కలపాలనుకున్నారు. దాదాపు ఏడు లక్షల రూపాయల ఖర్చుతో నౌపడ నుంచి పర్లాకిమిడికి నలభై కిలోమీటర్ల చిన్న లైను వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది మొదలైంది. మొదట్లో నష్టాలే. తరువాత కాస్త లాభాల్లో పడ్డాక కృష్ణచంద్ర గజపతి దాన్ని 1931 నాటికి గుణుపూర్ దాకా పొడిగించారు.

ఆ పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల ఆరంగుళాలు. పెద్ద లైనుది అయిదడుగుల ఆరంగుళాలు. ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. కాబట్టి అటు నుంచి వచ్చిన సరుకైనా, ఇటు నుంచి వెళ్లే ఉప్పయినా నౌపడలో దించి మళ్లీ ఎక్కించాల్సిందే. మనుషులకూ అంతే. మూడడుగుల తేడా ఓ ఊరికి కూలిపని ఇచ్చింది, టీకొట్లు పెట్టించింది, రెండు భాషల వాళ్లను ఒకే ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టింది.

1936లో గీసిన గీత ఈ చిన్న లైనును కూడా కోసింది. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం ఒక రాష్ట్రంలో, మహేంద్రతనయ దాటగానే పర్లాకిమిడి ఇంకో రాష్ట్రంలో. బండి మాత్రం రెండు రాష్ట్రాలకూ నడిచింది. పెళ్లి సంబంధాలూ, సంతలూ దానితోపాటే నడిచాయి.

2004 జూన్‌లో ఆ చిన్న బండి ఆగిపోయింది. పెద్ద లైనుగా మారి 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా మళ్లీ తెరుచుకుంది. ప్రయాణం సులువైంది, సంతోషమే. పాత ఇంజన్లు కొన్ని ప్రదర్శనకు మిగిలాయి. ఇంజన్ను దాచడం రైల్వేకు తెలుసు. ఆ బండి కూత విని పొయ్యి వెలిగించుకున్న ఇళ్ల సంగతి దాచుకోవలసింది ఊరే.

ఇప్పుడే ఎందుకు?

1947లో పదిహేనేళ్ల పిల్లాడిగా ఉప్పు మడిలో దిగినవాడు బతికుంటే ఇప్పుడు తొంభై దాటి ఉంటాడు. పన్ను కాలం ఉప్పును కళ్లారా చూసినవాళ్లు ఇక ఎందరో ఉండరు. వాళ్లను అడగడానికి వచ్చే ఏడాది దాకా ఆగుదామనుకునే వీల్లేదు.

నేల కూడా మారుతోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరినీ, జీడితోటలనూ నేలకూల్చింది. పైకప్పు ఎగిరిపోతున్న ఇంట్లో ట్రంకుపెట్టెలోని పాత ఫొటోను ఎవరు చూసుకుంటారు? 2023 ఏప్రిల్ 19న పక్కనే మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు మంచిచెడ్డల చర్చ వేరు. అది వచ్చాక గట్లు, కాలువలు, దారులు మారతాయి. వాటి పేర్లు తెలిసినవాళ్లు ఉన్నప్పుడే ఓ పటం గీసి పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

అన్నీ తీపి జ్ఞాపకాలే ఉండవు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ కేంద్రంపై ఆందోళన పోలీసు కాల్పుల దాకా వెళ్లి ప్రాణాలు పోయాయి. తంపర భూముల మీద బతికిన వాళ్లు ఒకటి చెబుతారు, కాగితాలు ఇంకోటి చెప్పవచ్చు. ఊరి చరిత్ర అంటే రెండూ పక్కపక్కన ఉండాలి. పండుగలూ, పెద్దల గొప్పలూ మాత్రమే రాసుకుంటే అది శుభలేఖ అవుతుంది కానీ చరిత్ర కాదు.

గిడుగు చూపిన దారి

ఈ పనికి పెద్ద చదువులు కావాలేమో అని వెనకాడే వాళ్లు గిడుగు రామమూర్తిని తలుచుకోవాలి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరిన ఆయన శ్రీముఖలింగం శాసనాలు చదవడం తనంతట తాను నేర్చుకున్నారు. సవరల భాష వాళ్ల నోటి నుంచే విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగే రాతలోనూ ఉండాలని పోరాడారు. పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడాన్ని వ్యతిరేకించి, 1936లో రాజమండ్రికి వెళ్లిపోయారు. ఆయన పని మొదలుపెట్టింది తన ఇంటి చుట్టుపక్కల నుంచే.

దూరదేశంలోనూ ఇలాంటి ఆలోచనే పుట్టింది. స్వీడన్ రచయిత స్వెన్ లిండ్‌క్విస్ట్ 1978లో ఓ పుస్తకం రాశారు. 'నిలబడ్డ చోటే తవ్వు' అన్నది దాని పేరుకు అర్థం. సిమెంటు కంపెనీల చరిత్ర యజమానులు రాయించుకున్నారు సరే, అందులో దుమ్ము పీల్చిన కార్మికుడే తన పని చరిత్ర తాను వెతుక్కోవాలి, పనిలో అందరికన్నా నిపుణుడు అతనే కదా అన్నారాయన. సిమెంటు బదులు ఉప్పు అని చదువుకుంటే నౌపడకు సరిగ్గా సరిపోతుంది.

పని ఎలా మొదలుపెట్టాలి? సంక్రాంతికి హైదరాబాదు, చెన్నై, ముంబయిల నుంచి అందరూ ఊరికి వస్తారు. ఆ మూడు రోజుల్లో ఒక పూట బడి వరండాలో పాత ఫొటోలు పట్టుకురమ్మంటే చాలు. ఫొటోను సెల్‌ఫోన్‌తో తీసుకుని, అసలుది అప్పటికప్పుడే ఇంటివాళ్లకు ఇచ్చేయాలి. అందులో ఎవరున్నారు, ఎక్కడ తీశారు, ఎవరు చెప్పారు అన్న మూడు ముక్కలు రాయని ఫొటో పదేళ్ల తరువాత ఎవరికీ పనికిరాదు.

పెద్దవాళ్లను ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేరు. "తాతా, చిన్న బండి ఆగకముందా, ఆగాకా?" అని అడిగితే టక్కున చెబుతారు. మాటను వాళ్ల యాసలోనే ఉంచాలి. "అప్పుడేటి బాబూ..." అని మొదలైన దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దితే సగం పోతుంది. ఎవరి మాట పదిమందికి వినిపించాలన్నా ముందు వాళ్లను అడగాలి. వద్దంటే వదిలేయాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి. ఊరి పేరులోని 'నౌ' నావా, తొమ్మిదా అన్నది కూడా అలా తేలాల్సిందే, లేదా తేలకుండా ఉండాల్సిందే.

సేకరించింది బీరువాలో పెట్టి తాళం వేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఒక ప్రతి బడిలో, ఒకటి పంచాయతీలో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఉంటే ఒక తుఫాను మూడింటినీ తీసుకుపోవడం కష్టం.

ఈసారి టెక్కలి మీదుగా వెళ్లే బండి నౌపడలో ఆగినప్పుడు పిల్లలు కిటికీలోంచి చూస్తారు. "ఇక్కడేముంది?" అని అడుగుతారు. "ఏమీ లేదు, ఉప్పు" అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. "ఇక్కడ మీ ముత్తవ్వ..." అని మొదలుపెట్టగలిగితే, ఆ పూటకు ఊరి చరిత్ర ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందినట్టే.