భయానక చిత్రాలు – భద్రపరచవలసిన సంపద

నాంపల్లి స్టేషను నుండి నడచిపోదగినంత దూరంలోనే ఉన్న అబిడ్స్‌లో, ఆదివారం దుకాణాలు మూసి ఉండగా, కాలిబాటలపై పాతపుస్తకాల సంత వెలుస్తుంది. పాఠ్యగ్రంథాలకై వచ్చే విద్యార్థుల నడుమ పాత సినిమా పత్రికలను, పాటల పుస్తకాలను వెదికేవారూ కనిపిస్తారు. వారిలో కొందరి మక్కువ మరీ విచిత్రమైనది: జనం మరచిన దెయ్యాల సినిమాలు!

భయాన్ని డబ్బిచ్చి కొని తెచ్చుకొనడమేమిటని పెద్దలు నవ్వవచ్చును. కాని ఆ పాత దెయ్యాలు నేడు పసివారిని సైతం భయపెట్టలేవు. సంగ్రాహకుని ఆకర్షించేది భయం కాదు. లోకం విసర్జించిన దానిని తాను కాపాడగలిగానన్న తృప్తి.

ఆ తృప్తి వ్యర్థమైనది కాదు. 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా అనుసరించినందుకు, 1922 నాటి జర్మన్ చిత్రం 'నోస్ఫెరాటు' ప్రతులన్నిటినీ నాశనం చేయవలసిందిగా 1925లో న్యాయస్థానం ఆదేశించింది. ఎక్కడెక్కడో మిగిలిన ప్రతుల వల్లనే ఆ కళాఖండం నేటికి దక్కింది. అదే కథతో 1967లో లాహోరులో నిర్మితమైన ఉర్దూ చిత్రం 'జిందా లాష్' కూడా దశాబ్దాల అనంతరం అభిమానుల పూనిక వల్ల డీవీడీగా మరల వెలుగు చూచింది.

మన సంగతి ఏమిటి? కమాల్ అమ్రోహీ 'మహల్' (1949)కు పండితుల గౌరవం లభించింది. రామ్సే సోదరుల 'దో గజ్ జమీన్ కే నీచే' (1972), విఠలాచార్య 'జగన్మోహిని' (1978) వంటివి మాత్రం చౌకబారు వినోదంగానే పరిగణింపబడ్డాయి. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రతియే నేడు లభ్యం కాదు. భక్తిచిత్రానికే ఆ గతి పట్టినప్పుడు దెయ్యాల చిత్రాల గోడు వినేదెవరు? వాటిని ప్రదర్శించే హాళ్ళూ కనుమరుగవుతున్నాయి. అబిడ్స్‌లోని జమురుద్ మహల్, ప్యాలెస్ టాకీసు ఇప్పుడు జ్ఞాపకాలే.

అయితే సంగ్రాహకులలోనూ ఒక దోషమున్నది. అరుదైన వస్తువు దొరకగానే బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పదిమంది చూడని ప్రతి, చెదలు తిన్న ప్రతితో సమానమే. సంగ్రహం స్వార్థంగా మిగలక విద్యగా మారాలంటే దానికి గ్రంథాలయమే తగిన చోటు.

హిందీ చిత్రాల పాటల పుస్తకాలలో కథాసంగ్రహమూ, పాటలూ తరచు ఉర్దూ లిపిలోనూ ముద్రితమయ్యేవి. తెలుగు చిత్రాలకు తెలుగు పాటల పుస్తకాలుండేవి. ఈ రెండు భాషలకూ నిలయమైన మన కళాశాల కంటె వీటికి తగిన ఆశ్రయమేది? గ్రంథాలయంలో ఒక్క బీరువాను ఇందుకై కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ వారిని కోరుతున్నాను. దానిని నింపి, ఉభయ భాషలలో పట్టిక వ్రాసే బాధ్యత విద్యార్థి మిత్రులది. ఆదివారపు సంత మనకు ఎంతో దూరం లేదు.