మా పేట కబుర్లు: "చాలు" వేరు, "చాలూ" వేరు

కుటుంబ పత్రికలో బారు సంగతులేమిటని పెద్దలు మొహం చిట్లించవద్దని మనవి. తాగేవాళ్ల గురించి కాదు, అక్కడ పళ్లేలు మోసే మన పిల్లల గురించి రాస్తున్నాను. షోలాపూర్ పూర్వ భాగంలో సాంచాలు తగ్గిన కొద్దీ, కార్ఖానాకు పోవలసిన కుర్రాళ్లు కొందరు హోటళ్లలో చేరుతున్నారు. మందు పోసే హోటలును మహారాష్ట్రలో "పర్మిట్ రూము" అంటారు. 1949 నాటి మద్యనిషేధ చట్టం మిగిల్చిన పేరది. అలాంటి ఒక హోటల్లో నేను సాయంత్రాలు గల్లా దగ్గర కూచుని లెక్కలు రాస్తాను. పేరు అక్కర లేదు.

అక్కడ బారు కౌంటరులో మరాఠీ, వంటగదిలో తెలుగూ కన్నడమూ. ఒక శనివారం రాత్రి మంచి రద్దీలో కౌంటరు నుంచి "పకోడా చాలూ?" అని కేక వచ్చింది. ఇంకా నడుస్తోందా అని అతని ప్రశ్న. లోపల వంటమాస్టరు అడుగంటిన పిండిగిన్నె చూసి, "చాలు, చాలు" అన్నాడు. మనకైతే ఇక వద్దని అర్థం. అతనికేమో నడుస్తోందని! మరో ఆరు ప్లేట్లకు ఆర్డరు తీసుకున్నాడు. నవ్వొచ్చే సంగతే. కాని ఆ రాత్రి తిట్లు తిన్నది కౌంటరూ కాదు, మాస్టరూ కాదు. మధ్యన తిరిగే పంతొమ్మిదేళ్ల పిల్లవాడు.

రెండోది నవ్వొచ్చేది కాదు. తనకు పల్లీలు పడవని ఒక గిరాకీ బారు కౌంటరులో చెప్పాడు. మన ఊళ్లో పల్లీపొడి పడని కూర వెతికితే గాని దొరకదు. పడనివాళ్లకు గొంతు వాచి ఊపిరే ఆగిపోవచ్చు. కౌంటరతను విన్నాడు, చీటీ మీద రాశాడు కూడా. కాని ఆ చీటీ వంటగదికి పోదు. 2017 నుంచి తిండికి జీఎస్టీ, మందుకు మాత్రం పాత వ్యాటే. పైగా సీసాల లెక్క ఎక్సైజు వాళ్లకు విడిగా చూపాలి. అందుకని పుస్తకాలు రెండు, చీటీలు రెండు. తినే మనిషి మాత్రం ఒక్కడే కదా! ఆ రోజు పళ్లెం పెట్టబోతూ మన కుర్రాడే "ఇందులో శేంగ ఉంది సార్" అన్నాడు గనుక సరిపోయింది.

అందరూ ఇది భాషల గొడవ అంటారు. నాకలా తోచదు. మన పేట పిల్లలకు మూడు భాషలూ వీధిలోనే వస్తాయి. అసలు లోటు, జవాబు తిరిగి రాకపోవడం. కేకేసినవాడు వినబడే ఉంటుందనుకుని వెళ్లిపోతాడు. సాంచాల మోతలో పనిచేసినవాళ్లు అలా పోరు. మాట వినబడదని ముందే తెలుసు గనుక చెయ్యెత్తి చూపి, ఎదుటివాడు తలూపేదాకా కదలరు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లోనూ ఇంతే. అక్కడి నేతగాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లే, పెదవుల కదలికతో, చేతి సైగలతో మాట్లాడుకునేవారు. దానికి "మీ-మాయింగ్" అని పేరు కూడా ఉంది. వంటగదిలో ఫ్యాను హోరు, పొయ్యి హోరు తక్కువేం కాదు. కాని అక్కడ నిలబడ్డవాళ్లకు తాము మోతలో ఉన్నామన్న స్పృహ ఉండదు.

యజమానితో ఈ మాటే అన్నాను. "కాకా, మీరు లెక్కలు చూసుకోండి" అన్నాడు మొదట. పల్లీల సంగతి తర్వాత మెత్తబడ్డాడు. ఇప్పుడు పడని వస్తువు పేరు రెండు చీటీల మీదా ఎర్రసిరాతో రాస్తున్నారు, మాస్టరు దాన్ని పైకి చదివితేనే కుర్రాడు కదులుతాడు. అయిపోయిన వంటకాలు కౌంటరు పక్కన పలక మీద పడుతున్నాయి. ఇక "చాలు"కు సెలవిచ్చి "ఖతం" పెట్టాం. మూడు భాషలవాళ్లకూ ఒకటే అర్థం!

తేలనిది ఒకటుంది. మొదటి పెగ్గు పూర్తికాకముందే వేడి రొట్టెలు బల్లమీదికి పోతాయి, చల్లారి వెనక్కి వస్తాయి. భోజనం ఎప్పుడు పంపాలో బారతను అడిగి చెప్పాలని వంటగది, తన పని కాదని బారు. ఆ పళ్లెం ఖరీదు మాత్రం ఇప్పటికీ కుర్రాడి జీతంలోనే కోస్తున్నారు. కిందటి నెల లెక్కలో ఆ కోతలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి యజమాని ముందు పెట్టాను. ఇంకా చూడలేదట.