రుచి సరే, శ్రమ ఎవరిది?

లాస్ ఏంజెలెస్ నగర మండలి 1999లో ఈస్ట్ హాలీవుడ్‌లోని ఒక పేటను 'థాయ్ టౌన్'గా గుర్తించింది. అమెరికాలో ఆ పేరు పొందిన మొదటి పేట అదే. దాని గురించి రాసేవాళ్లు ముందు తిండి గురించే రాస్తారు: పచ్చి బొప్పాయి దంచి చేసే సోమ్ తమ్, నిమ్మగడ్డి వాసన, నోరు మండే కారం. రాయనీ. కానీ ఆ రాతల్లో చాలావాటిలో వండే స్త్రీ చిరునవ్వుతో వడ్డించే అమ్మే. ఆమె పనిగంటలు, జీతం, వలస కాగితాలు కనిపించవు.

ఆ నగరం పక్కనే, ఎల్ మాంటేలో, 1995 ఆగస్టులో 72 మంది థాయ్ కార్మికులు ముళ్లకంచె వెనకనుంచి బయటపడ్డారు. ఎక్కువమంది స్త్రీలే. కొందరు ఏళ్లతరబడి బందీలుగా బట్టలు కుట్టారు. అవి పేరున్న దుకాణాల్లో అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లు కుట్టిందెవరని అడగలేదు. ఆ కార్మికులకు అండగా నిలిచిన థాయ్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ సెంటరే థాయ్ టౌన్ గుర్తింపు కోసమూ పనిచేసింది. ఆ పేట పునాదిలో కుట్టుకూలీల కథ ఉంది. రుచుల రచయితలు దాన్ని దాటేసి నేరుగా పళ్లెం దగ్గరికి వెళతారు.

2002లో థాయ్ ప్రభుత్వం విదేశాల్లో థాయ్ హోటళ్లను పెంచే పథకం మొదలుపెట్టింది. వంట దేశప్రతిష్ఠ అయింది. ఇంట్లో వండితే ఆడదాని ధర్మం, పరదేశంలో వండితే దేశసంస్కృతి. మరి అది శ్రమ అయ్యేదెప్పుడు?

మనమూ వంటల మీద వ్యాసాలు, జ్ఞాపకాలు రాస్తున్నాం. అమ్మమ్మ చేతి రుచిని తలుచుకునే ప్రతిసారీ, ఆ చేతికి ఎవరు ఎంత చెల్లించారో కూడా రాద్దాం.