పంది చస్తే పరీక్ష ఎందుకు చెయ్యరు?

గేదె చనిపోతే ఊరంతా వచ్చి పలకరిస్తుంది. పంది చనిపోతే గుంట తీసి పూడ్చెయ్యమంటారు. ఏ జబ్బుతో చచ్చిందని అడిగేవాళ్లుండరు. పందుల పెంపకం తరతరాలుగా ఎరుకల కుటుంబాల జీవనాధారం. వాళ్లలో చాలామందికి భూమి లేదు కనక మన సంఘం సమావేశాల్లో వాళ్ల మాట పెద్దగా వినపడలేదు. అది మన లోపమే.

పందుల్ని తుడిచిపెట్టే జ్వరాలు రెండున్నాయి. క్లాసికల్ స్వైన్ ఫీవర్ మన దేశంలో 1962లో అలీగఢ్‌లో నమోదైంది. దీనికి టీకా ఉంది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడి, 2022 జులైలో కేరళలోని వయనాడ్ దాకా వచ్చింది. మన దేశంలో దీనికి టీకా లేదు. రెంటికీ లక్షణాలు ఒకటే: ఒళ్లు కాలిపోయే జ్వరం, మేత మానెయ్యడం, చెవులూ పొట్టా ఎర్రబారడం, చావు. ఎంత అనుభవమున్న డాక్టరైనా కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పలేడు. రక్తం, ప్లీహం ముక్క ఐసులో పెట్టి ల్యాబుకు పంపితేనే తేలుతుంది.

ల్యాబులో వైరస్‌ను వేరుచేసి, దాని జన్యువుల్ని మిగతా చోట్ల దొరికినవాటితో పోల్చడం శాస్త్రవేత్తల వ్యవహారం, మనకెందుకు అనుకోవద్దు. క్లాసికల్ జ్వరం టీకాను ఒకప్పుడు కుందేళ్ల ప్లీహం నుంచి తీసేవారు. ఒక కుందేలుకు 50 డోసులు వచ్చేవి. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ ఇక్కడి వైరస్‌నే వేరుచేసి, కణాల్లో పెంచి, బలం తగ్గించి చేసిన టీకా 2020లో విడుదలైంది. జబ్బు పడిన పంది నుంచి నమూనా తీసుకోకపోతే ఆ టీకా లేదు.

ఈ వైరస్‌లో మన దేశంలో 1.1, 2.1, 2.2 అనే ఉపరకాలు కనిపించాయి. టీకా వేసిన పంది చచ్చిపోతే తప్పు టీకాదా, బయటి నుంచి వచ్చిన వైరస్‌దా? జన్యువులు పోలిస్తేనే తెలుస్తుంది. ఆఫ్రికన్ జ్వరం విషయంలోనూ అంతే. 2020లో మన దేశంలో దొరికింది రెండో రకానికి చెందినదని భోపాల్ ల్యాబు తేల్చింది. 2007లో జార్జియాలో, 2018లో చైనాలో బయటపడిందీ ఆ రకమే.

మన తిరువూరు సరిహద్దు ఊరు. అవతల ఖమ్మం జిల్లా. పందిపిల్లలు ఆటోల్లో అటూ ఇటూ పోతుంటాయి. వైరస్‌కు చెక్‌పోస్టు లేదు. రెండు రాష్ట్రాల నమూనాలు పక్కపక్కన పెట్టి చూడకపోతే జబ్బు ఎటు నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు, నింద మాత్రం పెంపకందారు మీద పడుతుంది. మొక్కజొన్న చేలల్లో పడే అడవిపందుల మీద మనకు కోపం ఉంది, న్యాయమే. కానీ అవీ ఈ జ్వరాల్ని మోస్తాయి. చేను గట్టున అడవిపంది చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చెయ్యండి. ఈ రెండు జ్వరాలూ మనుషులకు అంటవు. ఆ పుకారుతో మాంసం ధర పడగొట్టేవాళ్లను నమ్మవద్దు.

పరిహారం సంగతి అసలైనది. పశువుల అంటువ్యాధుల చట్టం 2009 ప్రకారం జబ్బు సంగతి చెప్పడం యజమాని బాధ్యత. కానీ ఆఫ్రికన్ జ్వరానికి కేంద్ర పథకం పరిహారమిచ్చేది నిర్ధారణ అయ్యాక అధికారులు చంపించిన పందులకే. పరీక్ష ఆలస్యమైతే మంద ముందే చస్తుంది, చేతికి పైసా రాదు. ఇక కబురు చెయ్యడానికి ఎవరు ముందుకొస్తారు?

అందుకే మేం అడుగుతున్నాం: పందులు చనిపోయాయని తెలిసిన రోజే నమూనా తియ్యాలి. గన్నవరం పశువైద్య కళాశాల మనకు దగ్గర్లోనే ఉంది, దాని సాయం తీసుకోవాలి. ఫలితాన్ని తెలుగులో రాసి పెంపకందారుకు ఇవ్వాలి. కబురు చేసిన నాటి నుంచి చచ్చిన ప్రతి పందికీ పరిహారం లెక్కగట్టాలి. వచ్చే నెల సంఘం సమావేశానికి పందుల పెంపకందారుల్ని వెంటబెట్టుకు రావాలని గ్రామ కమిటీలను కోరుతున్నాం.