యంత్రానికి ముందు సంకల్పం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులలో మన ఇళ్ళలో ఒక కొత్త చర్చ మొదలవుతున్నది. ఒకప్పుడు ఏ కళాశాల, ఏ కోర్సు అన్న రెండు ప్రశ్నలతో ముగిసే చర్చకు ఇప్పుడు మూడవది తోడైనది: ఏ లాప్‌టాప్? చిత్రలేఖనం, యానిమేషన్ వైపు వెళ్ళదలచిన పిల్లలు, "బొమ్మలు గీయటానికీ, గేములు ఆడుకోవటానికీ రెండింటికీ పనికివచ్చేది కావాలి" అంటారు. తల్లిదండ్రులకు మొదటి మాట సగమే అర్థమవుతుంది, రెండవ మాట పూర్తిగా అర్థమవుతుంది. పేచీ అక్కడే పుడుతుంది.

ఈ నెల ఈ విషయాన్ని ఎంచుకోవటానికి కారణం చేర్యాలలోని ఒక కుటుంబం. తండ్రి చిన్న వెల్డింగ్ దుకాణం నడుపుతారు. కుమారుడు హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ చదవాలని ప్రవేశ పరీక్షకు సిద్ధపడుతున్నాడు. అతడు కోరిన లాప్‌టాప్ ఖరీదు రూ. 1,10,000. ఇంట్లో కూడబెట్టినది రూ. 70,000. మిగిలిన మొత్తానికి తల్లి గాజులు తాకట్టు పెట్టి రుణం తీసుకుందామన్న ఆలోచన సాగుతున్నది. "చదువు కోసమే కదా, మౌలానా సాబ్?" అని ఆ తండ్రి మమ్మల్ని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు వారి ఊరి కళ గురించి ఒక మాట చెప్పుకోవాలి. చేర్యాల పేరు దేశమంతటా తెలిసినది నకాషీ చిత్రకళ వలననే. ఆ పేరులోనే మనకు పరిచయమైన అరబీ పదం 'నఖ్ష్' దాగి ఉన్నది. గీత, చెక్కడం, చిత్తరువు అని దాని భావం; ఆ పని చేసేవాడు నఖ్ఖాష్. పురాణ గాథలను, కులాల పుట్టుక కథలను పొడవాటి గుడ్డ చుట్టపై వరుస గడులుగా చిత్రించి, కథకులు దానిని విప్పుతూ ఊరూరా చెప్పేవారు. కథాంశాలు మనవి కాకపోయినా, ఆ పనితనం నుండి నేర్చుకోవలసినది ఉన్నది. నకాషీ కళాకారుడు ముందుగా రంగు ముట్టడు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, జిగురు, ఉడికించిన చింతగింజల ముద్ద కలిపి పూత పూస్తాడు. అది ఎండిన తరువాత మరొక పూత, ఆపైన మరొకటి. గుడ్డ సిద్ధమైన తరువాతే కుంచె పడుతుంది. పూత సరిగా లేని గుడ్డపై ఎంత ఖరీదైన రంగు వేసినా నిలువదు.

లాప్‌టాప్ కొనుగోలుకు ఆ పూత వంటిది సంకల్పం, అంటే నియ్యత్. ఈ యంత్రం దేనికోసం అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని నిజాయితీగా తేల్చుకుంటే, ఏది కొనాలన్నది సగానికి పైగా తేలిపోతుంది. అందుకే ఆ కుర్రవానికి ఒక కాగితం ఇచ్చి మూడు విషయాలు వ్రాయమన్నాము: ఏమి గీస్తావు, ఏ గేములు ఆడతావు, రోజుకు దేనికెంత సమయం. గేములను దాచి "అంతా చదువుకే" అని వ్రాయవద్దని, అబ్బా ముందు ఉన్నది ఉన్నట్టు వ్రాయమని చెప్పాము. అతడు అలాగే వ్రాశాడు. చిత్రాలకు నాలుగు గంటలు, ఆటకు ఒక గంట. లక్షా పదివేల యంత్రంలో అధిక ధర పలికిన భాగమేమో ఆ ఒక్క గంటకు సంబంధించినది!

ఇది వివరంగా చెప్పవలసిన విషయం. కాగితంపై గీసినట్లు తెరపై గీసే చిత్రాలకు శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు అంతగా అవసరం లేదు. ఆ పని ప్రధానంగా ప్రాసెసర్ మీద, ర్యామ్ మీద నడుస్తుంది. ర్యామ్ 16 జీబీ ఉంటే అనేక పొరలున్న పెద్ద చిత్రం కూడా తడబడకుండా సాగుతుంది. 8 జీబీతో కొనవలసివస్తే, తరువాత పెంచుకొనే ఖాళీ స్లాట్ ఉన్నదో లేదో ముందే అడగాలి. కొన్ని యంత్రాలలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, ఇక పెంచే దారి ఉండదు. 512 జీబీ ఎస్ఎస్‌డి కనీసమని భావించాలి. గ్రాఫిక్స్ కార్డు అవసరపడేది పెద్ద గేములకు, బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మలకు. యానిమేషన్ విద్యార్థికి త్రీడీ పని తప్పదు గనుక కార్డు ఉండటం మంచిదే. అయితే మధ్యస్థమైనది చాలు, అన్నిటికన్న పైది అక్కరలేదు.

చిత్రకారునికి అన్నిటికన్న ముఖ్యమైనది తెర. దుకాణంలో దీనిని అడిగేవారు తక్కువ. గేమింగ్ లాప్‌టాప్ అని అమ్మే తక్కువ ధర యంత్రాలలో అనేకం వేగానికి పెద్దపీట వేసి, రంగుల విషయంలో రాజీపడతాయి. వివరాల పత్రంలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే ఆ తెర రంగులను వెలిసినట్టు చూపుతుంది. అటువంటి తెర ముందు కూర్చుని దిద్దిన ఎరుపు, మరొకచోట వేరే ఎరుపుగా కనిపిస్తుంది. ఎరుపు నేల మీదనే బొమ్మలు నిలిపే చేర్యాల నుండి వచ్చిన పిల్లవానికి ఇంతకు మించి చెప్పనక్కరలేదు. '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని స్పష్టంగా వ్రాసి ఉన్న ఐపీఎస్ తెరనే ఎంచుకోవాలి.

ఇక బొమ్మ గీసేది మౌస్‌తో కాదు. వాకామ్, హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి కంపెనీల చిన్న పెన్ టాబ్లెట్లు కొన్ని వేల రూపాయలలోనే దొరుకుతాయి. చేతి ఒత్తిడిని బట్టి గీత సన్నమూ లావూ అవుతుంది. క్రిటా, బ్లెండర్ రెండూ ఉచితంగా, న్యాయబద్ధంగా లభించే సాఫ్ట్‌వేర్లు. వాటిని విడిచి దొంగ ప్రతులను ఎక్కించుకోవటం పరుల సొత్తును అనుమతి లేకుండా వాడటమే. హలాల్ సంపాదన కోరుకొనే చేతికి పనిముట్టు కూడా హలాల్ కావాలి.

బరువు కూడా చూడాలి. గేమింగ్ లాప్‌టాప్‌లు తరచు రెండు కిలోలకు మించి ఉంటాయి, వాటి చార్జరు అదనం. బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. హాస్టలు నుండి తరగతికి, సెలవులకు బస్సులో చేర్యాలకు మోసేది ఆ పిల్లవాడే. ఎండాకాలంలో యంత్రం వేడెక్కకుండా పరుపు మీద కాక బల్ల మీద ఉంచి వాడాలి. వారంటీ ఎన్నేళ్ళు, సర్వీసు కేంద్రం ఎక్కడ అన్నది బిల్లు చెల్లించకముందే తెలుసుకోవాలి.

ఆట గురించి కొందరు పెద్దలు "అసలే వద్దు" అంటారు. పిల్లవాడు కాస్త సేద తీరటాన్ని మేము తప్పుపట్టము. ఆట ఇంటికి వచ్చిన అతిథి వంటిది. వచ్చి పోవాలి గాని ఇంటి పెత్తనం చేపట్టరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో అదుపు తప్పిన గేమింగ్ అలవాటును ఒక రుగ్మతగా చేర్చింది. ఆట కోసం చదువు, నిద్ర, బంధాలు వెనుకబడుతూ ఉన్నా ఆపలేకపోవటం దాని లక్షణం. మన ఇళ్ళలో దీనిని పసిగట్టే కొలబద్ద సులువైనది: ఇషా తరువాత మొదలైన ఆట ఫజ్ర్ నమాజును మింగుతున్నదా? మింగుతుంటే అది అతిథి కాదు. డబ్బు పందెం ఉన్న గేములు సరేసరి, అవి జూదమే. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టం సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ గేములను నిషేధిస్తూ చట్టం చేసింది.

ప్రాణుల చిత్రాల మాట కూడా తల్లిదండ్రులు అడుగుతారు. తెరపై చిత్రాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉన్నది. తాము విశ్వసించే ముఫ్తీని అడిగి నడచుకోవటం మేలు. అయితే ఈ కళ ఎంతో విశాలమైనది. లిపి, అల్లిక నమూనాలు, కట్టడాలు, పిల్లల పుస్తకాల రూపకల్పన ఇందులోనివే. ఉర్దూ నస్తాలీఖ్ లిపి 1981లో కంప్యూటర్ అక్షరంగా మారినప్పుడు, మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షరాల కూర్పులను ముందుగా చేతితో వ్రాశారు. చేయి పనితనం సమకూర్చినదానినే యంత్రం మోసుకుపోయింది.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాము. చదువు కోసం తీసుకున్నంత మాత్రాన వడ్డీ వడ్డీ కాకుండా పోదు. దుకాణాలలో వినిపించే 'నో కాస్ట్ ఈఎంఐ' అన్న మాటను కూడా తరచి చూడాలి. చాలాసార్లు అందులో వడ్డీ ఉంటుంది. దానికి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గించి చూపుతారు, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీపై జీఎస్టీ మనమీద పడతాయి. సున్నా వడ్డీ అన్నదే లేదని, దానిని ఫీజు రూపంలో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. దుకాణదారుడే ఒక ధర ముందుగా నిర్ణయించి, ఆలస్యానికి అదనం లేకుండా వాయిదాలలో తీసుకుంటే దానిని ఫుఖహాలలో అధికులు సమ్మతించారు. బంధువులలో ఎవరైనా ఖర్జె హసనా ఇస్తే అది ఇంకా మేలు. కాని వ్రాతపూర్వకంగా, గడువుతో తీసుకోవాలి.

చివరకు ఆ ఇంట్లో కుదిరిన నిర్ణయం ఇది. ప్రవేశ పరీక్షలో చూసేది చేతి గీతను గనుక ఇప్పటికి కాగితం, పెన్సిలు చాలు. సీటు వచ్చిన తరువాత, కళాశాలలో అడిగి, చేతిలో ఉన్న డబ్బులోనే 16 జీబీ ర్యామ్, మంచి రంగుల తెర, మధ్యస్థమైన కార్డు గల యంత్రాన్ని, ఒక చిన్న పెన్ టాబ్లెట్‌ను కొంటారు. కుర్రవాడు కోరిన పెద్ద గేములు అందులో కాస్త తక్కువ మెరుపుతో నడుస్తాయి. అందుకు అతడు కొంత ముఖం చిన్నబుచ్చుకున్న మాట నిజం. అయినా అమ్మీ గాజులు తాకట్టుకు వెళ్ళవని తెలిసినప్పుడు అందరికన్న ముందు ఊపిరి పీల్చుకున్నది అతడే.

తల్లిదండ్రులారా! "లాప్‌టాప్ కావాలి" అన్న బిడ్డను కసరవద్దు, అడిగినదే తడవుగా అప్పు చేయనూ వద్దు. కాగితం ఇచ్చి సంకల్పం వ్రాయించండి, పక్కన కూర్చుని చదవండి. ఆ తరువాతే దుకాణానికి బయలుదేరండి. అల్లాహ్ మన పిల్లల చేతులకు ప్రయోజనకరమైన విద్యను, మన ఇళ్ళకు వడ్డీ అంటని శుభాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.