చెరువు నిండింది, నీళ్లెన్ని?

పోయిన వారం సారపాక నుంచి నా స్నేహితుడి కొడుకు వచ్చాడు. నా ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి పెట్టానని ఎవరో చెప్పారట. భద్రాచలంలో గుడి దగ్గర నుంచి పర్ణశాలకు యాత్రికులను తిప్పే బండిగా పెట్టుకుందామని వాడి ఆలోచన. శ్రీరామనవమి లోపు చేతికి వస్తే మొదటి నెల కిస్తీ ఆ నాలుగు రోజుల్లోనే వచ్చేస్తుందని లెక్క కూడా వేసుకున్నాడు. బండి స్టార్ట్ చేసి, ముందున్న స్క్రీను చూసి, "బాబాయ్, వంద శాతం చూపిస్తోంది, 230 కిలోమీటర్లు పోతుందంటోంది. బ్యాటరీ కొత్తదానిలాగే ఉంది కదా!" అన్నాడు.

అవునని ఊరుకుంటే నాకు ఓ డెబ్బై, ఎనభై వేలు ఎక్కువే ముట్టేవి. కానీ వాళ్ల నాన్నా నేనూ ఒక బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లం. అందుకని వాణ్ణి కూర్చోబెట్టి చెరువు కథ చెప్పాను.

మన దగ్గర చెరువుల గురించి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. తూము, అలుగు, పూడిక అన్నీ తెలిసినవే. అలుగు పారుతోందంటే చెరువు నిండినట్టే. నిండటం వేరు, నీళ్లెన్ని ఉన్నాయన్నది వేరు. అడుగున మూడడుగుల పూడిక ఉన్న చెరువు కూడా నిండుతుంది, అలుగు కూడా పారుతుంది. కాకపోతే చివరి మడికి నీళ్లందవు. 2015లో మిషన్ కాకతీయ పెట్టింది ఆ పూడిక తీయడానికే. కారు స్క్రీను మీద కనిపించే వంద శాతం అలుగు లాంటిది. అడుగున పూడిక ఎంతో అది చెప్పదు. చెరువుకూ బ్యాటరీకీ ఒక్కటే తేడా, ఇక్కడ పూడిక తీసే పథకం లేదు.

ఇక ఆ 230 కిలోమీటర్ల సంగతి. అది బ్యాటరీ కొలత కానే కాదు. ఈ మధ్య మీరు బండిని ఎలా నడిపారో చూసి కారు వేసే అంచనా. ఖమ్మం వీధుల్లో ఏసీ లేకుండా నెమ్మదిగా వారం తిరిగితే 230 చూపిస్తుంది. అదే బండి మే నెలలో ఏసీ వేసుకుని కొత్తగూడెం రోడ్డు ఎక్కి వస్తే మర్నాడు 160 చూపిస్తుంది. పాత బండి కొనేవాళ్లు అందరికంటే ముందు చూసేది ఆ అంకెనే. నమ్మకూడనిదీ అదే.

మరి ఏది నమ్మాలి? కరెంటు మీటరును. బ్యాటరీ సైజును కంపెనీలు కిలోవాట్ అవర్లలో చెబుతాయి, అది మన కరెంటు బిల్లులోని యూనిట్టే. నా బండిది 30 యూనిట్ల బ్యాటరీ. 2021 డిసెంబరులో కొన్నప్పుడు ఇంట్లో చార్జరు ప్లగ్గుకు విడిగా ఓ సబ్ మీటరు పెట్టించాను. ఉద్దేశం బిల్లు లెక్క తప్ప పరిశోధనేమీ కాదు. ఏటా డిసెంబరులో ఓ రోజు బండిని 20 శాతానికి దించి, అదే చార్జరు మీద 100 దాకా ఎక్కించి, మీటరు ఎన్ని యూనిట్లు తిరిగిందో నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. మొదటి డిసెంబరులో 27.3. ఏడాది తిరిగేసరికి 26.1. తర్వాత 25.4, 24.7, మొన్న డిసెంబరులో 24.0.

ఇంట్లో చార్జింగులో పది, పన్నెండు శాతం వేడి రూపంలో పోతుంది. గోడ నుంచి తీసుకున్నదంతా బ్యాటరీలోకి చేరదు. ఎంత పోతోందో కచ్చితంగా తెలియక్కర్లేదు కూడా. చార్జరు అదే, కాలం అదే, ఎక్కించిన శాతాలూ అవే అయితే నష్టమూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఇప్పటి అంకెను మొదటి అంకెతో భాగిస్తే చాలు. 24.0ని 27.3తో భాగిస్తే 88 శాతం. అంటే 30 యూనిట్ల చెరువు 26.4 యూనిట్లకు పూడింది.

డాంగిల్ పెట్టి, ఫోన్‌లో యాప్ వేసుకుని చూసేవాళ్లూ ఉన్నారు. నేనూ చూశాను. మొదట 91 అంది. రాత్రంతా నిదానంగా ఫుల్ చార్జి చేసి మళ్లీ చూస్తే 89 అంది. అదీ కారు తనంతట తాను వేసుకునే అంచనాయే కాబట్టి ఒకటి రెండు శాతం అటూఇటూ అవుతుంది. నా మీటరుతో సరిపోయింది కనుక నాకు బెంగ లేదు.

నోటుబుక్కులో ఇంకో సంగతి గమనించండి. మొదటి ఏడాదే 1.2 యూనిట్లు తగ్గింది, ఆ తర్వాత ఏటా 0.7 చొప్పున. లిథియం బ్యాటరీల తీరే అంత. కొత్తలో లోపలి ఎలక్ట్రోడ్ మీద సన్నటి పొర కడుతుంది, అది కొంత లిథియాన్ని తినేస్తుంది. పొర కట్టాక తినడం నెమ్మదిస్తుంది కానీ ఆగదు. మొదటి ఏడాది తరుగుదల చూసి ఐదేళ్లకు బండి పనికిరాదనుకుని హడావుడిగా అమ్ముకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ తినడాన్ని ఎగదోసేది వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన కొత్తగూడెం, పాల్వంచ వైపు రోహిణి దాకా ఆగాల్సిన పనే లేదు. ఎండదెబ్బకు బ్యాటరీలు దెబ్బతిన్న కథ ప్రపంచానికి మొదట తెలిసింది అమెరికాలోని అరిజోనా ఎడారిలో. 2012లో ఫీనిక్స్ నగరంలో నిస్సాన్ లీఫ్ కార్ల యజమానులు తమ బండ్లలో కెపాసిటీ గీతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయని గోల పెట్టారు. మొత్తం 12 గీతలు. ఆ కారులో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. చివరికి కంపెనీ ఐదేళ్లలో లేదా 60 వేల మైళ్లలో 9 గీతల కంటే తగ్గితే తాము చూసుకుంటామని వారంటీ ఇచ్చింది.  ఇప్పటి కార్లు చాలావరకు బ్యాటరీ చుట్టూ ద్రవం తిప్పి చల్లబరుస్తాయి. జియోటాబ్ అనే కెనడా సంస్థ 2024లో వేలాది బండ్ల లెక్కలు తీస్తే తరుగుదల సగటున ఏటా 1.8 శాతం అని తేలింది. నాది నాలుగేళ్లకు 12, అంటే ఏటా 3. మా ఎండలకు, ఆఫీసు దగ్గర నీడలేని నా పార్కింగుకు అది ఎక్కువేమీ కాదనుకుంటాను.

పోయిన మే నెలలో మాత్రం నాకే భయం వేసింది. మా అత్తగారిని రాముడి దర్శనానికి తీసుకెళ్తున్నాం. ఖమ్మంలో 90 శాతంతో బయల్దేరాం. పాల్వంచ దాటి అడవి మొదలవుతుండగా 32 మీదున్న అంకె చూస్తుండగానే 25కి పడిపోయింది. ఏసీ ఆపేసి, 50 దాటకుండా నడిపాను. వెనక సీట్లో అత్తగారు న్యూస్ పేపరుతో విసురుకుంటూ, "పెట్రోలు బండైతే ఈ తిప్పలుండేవా?" అని ఒకసారి అన్నారు, అంతే. గోదావరి వంతెన మీదికి 12 శాతంతో చేరాం.

బ్యాటరీ పోయిందనే అనుకున్నాను. పోలేదు. నా బండిలోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్‌తో కలిసి పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు మనవాళ్లు దాని గురించి పేపరు రాశారు. వేడికి ఓర్చుకుంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది. కానీ ఒక చిక్కుంది. సగం నిండినా, ముప్పావు నిండినా దాని వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. కాబట్టి లోపల ఎంతుందో కారు వోల్టేజీ చూసి చెప్పలేదు. వచ్చిందెంత, పోయిందెంత అని కూడికలు తీసివేతలు వేసుకుంటూ ఉంటుంది. చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. నిండా ఎక్కించినప్పుడే లెక్క సరిచేసుకుంటుంది. వాట్సాప్‌లో ఎవరో 80 దాటొద్దన్నారని నేను రెండు నెలలు ఫుల్ చార్జే చేయలేదు. ఆ సలహా వేరే రకం బ్యాటరీలకు. ఈ రకానికి వారం, పది రోజులకోసారైనా నింపాలి. అయితే నింపి మే ఎండలో రోజుల తరబడి వదిలేయొద్దు. ఊరెళ్తే సగంలో ఉంచి, చింతచెట్టు కింద పెట్టి వెళ్లండి.

మళ్లీ మా సారపాక కుర్రాడి దగ్గరికి వద్దాం. భద్రాచలం నుంచి పర్ణశాల 35 కిలోమీటర్లు, పోనూరానూ 70. వాడి లెక్క రోజుకు మూడు ట్రిప్పులు, 210 కిలోమీటర్లు. స్క్రీను 230 అంది కదా, చార్జింగుకు ఆగే పనే లేదనుకున్నాడు. ఎండాకాలంలో ఏసీతో నా బండి కిలోమీటరుకు 0.167 యూనిట్లు తాగుతుంది. యాత్రికులు ఏసీ ఆపనివ్వరు. 26.4ను దానితో భాగిస్తే 158 కిలోమీటర్లు. రెండు ట్రిప్పులకు సరిగ్గా సరిపోతుంది. మూడో ట్రిప్పు కావాలంటే మధ్యాహ్నం నాలుగు గంటలు మామూలు ప్లగ్గుకు కట్టేయాలి. నవమి రోజుల్లో గిరాకీ ఉండేదీ అప్పుడే. మరో మూడేళ్లకు ఆ రెండు ట్రిప్పులకూ అంచుల మీద నడవాలి. వాడి కిస్తీ ఐదేళ్లు.

వారంటీ ఉంది కదా బాబాయ్ అన్నాడు. ఉంది, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. నాలుగేళ్లు గడిచాయి. రోజుకు 140 తిప్పితే ఏడాదికి 50 వేలు దాటుతుంది, మిగిలిన కిలోమీటర్లు రెండేళ్లలోపే అయిపోతాయి. పైగా ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు, టాక్సీగా తిప్పితే వర్తిస్తుందా, పేరు మారితే వర్తిస్తుందా అన్నవి వారంటీ కాగితంలో చదవాలి, షోరూమ్ మాటల్లో వినకూడదు. ఐక్యరాజ్యసమితి 2022లో తెచ్చిన నియమం ఐదేళ్లకు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, ఎనిమిదేళ్లకు లేదా లక్షా అరవై వేలకు 70 శాతం మిగలాలంటుంది. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ప్రతి కారు బ్యాటరీకీ పాస్‌పోర్ట్ ఉండాలి. మన దగ్గర ప్రస్తుతానికి నాలాంటివాళ్ల నోటుబుక్కులే పాస్‌పోర్టులు.

వాడు చాలాసేపు ఫోన్‌లో లెక్కలు వేసుకున్నాడు. రెండు ట్రిప్పులైతే ధర తగ్గించాలన్నాడు. తగ్గిస్తానన్నాను. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు, నా రాతను నేనే ఎందుకు చూపించానా అని అనుమానమో ఏమో. ఆదివారం వాళ్ల నాన్నను తీసుకొస్తాడట. బండిని 20కి దించి ఉంచమన్నాడు, తన కళ్ల ముందే మీటరు తిరగాలట. సత్తుపల్లిలో పనొకటి మిగిలి ఉంది. శనివారం వెళ్లొస్తే సుమారుగా అక్కడికే దిగుతుంది.