రిఫ్లెక్టర్ జాకెట్‌ను చూసి కారు ఆగుతుందనుకోవద్దు

బహ్రెయిన్‌లోని మీనా సల్మాన్‌లో చీకటి వేళ రోడ్డు దాటే తెలుగు కార్మికులు, అదే రోడ్డు మీద బండి నడిపే తెలుగు డ్రైవర్లు ఈ హెచ్చరికను దయచేసి చివరిదాకా చదవండి. కొత్త కార్లలో వస్తున్న, అడ్డు కనిపిస్తే దానంతటదే పడే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు రాత్రిపూట మనిషిని పసిగట్టకపోవచ్చు. ఒంటి మీద రిఫ్లెక్టర్ జాకెట్ ఉన్నా పసిగట్టకపోవచ్చు. కొన్ని కార్లలోనైతే ఆ మెరుపే యంత్రాన్ని తికమక పెడుతోంది.

అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2025 జనవరిలో ఈ సంగతి బయటపెట్టింది. రాత్రివేళ, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, రోడ్డు దాటుతున్న బొమ్మ మనిషి మీదికి మూడు కార్లను నడిపి చూశారు. రోడ్డు పనివాళ్ల బట్టల మీద ఉండేలాంటి మెరిసే పట్టీలు ఆ బొమ్మకు తొడిగినప్పుడు హోండా సీఆర్-వి, మాజ్దా సీఎక్స్-5 కనీసం వేగమైనా తగ్గించకుండా గుద్దేశాయి. సుబారు ఫారెస్టర్ మాత్రం మొత్తం పరీక్షల్లో ఒక్కసారి తప్ప ప్రతిసారీ బొమ్మను తప్పించింది. అంటే సరిగ్గా పనిచేసే బ్రేకు తయారుచేయడం సాధ్యమే. కానీ మీ ఎదురుగా వస్తున్న కారు ఏ రకమో చీకట్లో మీకెలా తెలుస్తుంది?

జాకెట్ విప్పేయమంటున్నామని ఎవరూ పొరబాటున కూడా అనుకోవద్దు. స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషి కంటికి అది దూరం నుంచే కనిపిస్తుంది. వేసుకోండి. వేసుకుని కూడా, బండి పూర్తిగా ఆగిందని చూసుకున్నాకే అడుగు వేయండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకొస్తుంది.

మీనా సల్మాన్ గురించే ఇంతగా చెప్పడానికి కారణముంది. సరుకు ఓడల పని 2009లో హిద్ద్‌లోని ఖలీఫా బిన్ సల్మాన్ పోర్టుకు తరలిపోయినా, ఇక్కడి గోడౌన్లు, వర్క్‌షాపులు, వాటిలో పనిచేసే మనవాళ్లు ఇక్కడే ఉన్నారు. హిద్ద్ వైపు వంతెన మీంచి వేగంగా వచ్చే కార్లు, జుఫైర్‌కు మళ్లే టాక్సీలు, ట్రెయిలర్లు, కంపెనీ బస్సు కోసం నడిచే మనుషులు అందరూ ఒకే చోట కలుస్తారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం ఎండలో బయటి పని నిషేధం కాబట్టి చాలామంది తెల్లవారకముందే క్యాంపు నుంచి బయల్దేరుతారు. డిసెంబరులో సాయంత్రం ఐదుకు ముందే పొద్దు గుంకుతుంది, డ్యూటీ దిగేసరికి చీకటే. సరిగ్గా ఆ వేళలోనే ఈ బ్రేకుకు చూపు తగ్గుతుంది.

ఈ బ్రేకు వల్ల మేలు లేదని కాదు. ముందు వెళ్తున్న బండిని వెనకనుంచి గుద్దే ప్రమాదాలు దీనివల్ల సగానికి తగ్గాయని ఇదే సంస్థ లెక్క తేల్చింది. పాదచారులను గుద్దే ప్రమాదాలు 27 శాతం తగ్గాయి. అయితే వీధిదీపాలు లేని రోడ్ల మీద రాత్రిపూట ఏ తేడా కనిపించలేదని కూడా చెప్పింది. చీకట్లో సైతం మనిషిని గుర్తించి తీరాలని అమెరికా 2024లో నిబంధన తెచ్చింది, కానీ కంపెనీలకు 2029 సెప్టెంబరుదాకా గడువిచ్చింది. అప్పటిదాకా అమ్ముడుపోయే కార్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి రోడ్ల మీద తిరుగుతాయి.

అందుకని డ్రైవరు తమ్ముళ్లూ, ఆ బ్రేకును ఆపేయకండి, దాన్ని నమ్ముకుని ఫోను మాత్రం చేతిలోకి తీసుకోకండి. ఆ బ్రేకుకు రోడ్డును చూపే కెమెరా ముందు అద్దం పైభాగంలో, లోపలి మిర్రర్ వెనక ఉంటుంది. రాడార్ ముందు గ్రిల్‌లోనో బంపర్ వెనకో ఉంటుంది. రాత్రి బయట వదిలిన బండి మీద దుమ్ము, ఉప్పుగాలి తేమ కలిసి తెల్లారేసరికి పల్చటి బురద పూతలా అంటుకుంటాయి. వైపర్ ఒకసారి తిప్పితే అది పోదు, ఇంకా పరుచుకుంటుంది. తడిగుడ్డతో కెమెరా ముందున్న అద్దం, గ్రిల్ తుడవకుండా బండి తీయొద్దు. అద్దం మార్చినా, బంపర్ రిపేరు చేయించినా కెమెరా, రాడార్‌లను మళ్లీ సరిచూసే కాలిబ్రేషన్ చేయించారా అని యజమానిని అడగండి. ఖర్చుకు వెనకాడి అది వదిలేస్తే యంత్రం రోడ్డును వంకరగా చూస్తుంది. డ్యాష్‌బోర్డు మీద ఈ బ్రేకుకు సంబంధించిన పసుపు దీపం వెలిగితే ఆ రోజుకు మీ బండికి ఆటో బ్రేకు లేనట్టే లెక్క.

ఇంకో ప్రమాదం ఏ అడ్డూ లేకుండానే బ్రేకు పడటం. టెస్లా, హోండా కార్ల మీద ఇలాంటి ఫిర్యాదులు వందల్లో వచ్చాక 2022లో అమెరికా ప్రభుత్వం విచారణకు దిగింది. మీ వెనక లోడుతో ఉన్న ట్రెయిలర్ వస్తుంటే ఆ ఒక్క కుదుపు చాలు. అలాంటప్పుడు ముందు ఏమీ లేదని రూఢి చేసుకుని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలా కార్లలో ఆ బ్రేకు వదిలేస్తుంది. ట్రెయిలర్ నడిపే అన్నలూ, చిన్న కారు వెనక ఎప్పుడైనా సరే మూడు నాలుగు సెకన్ల దూరం వదలండి.

కంపెనీల వాళ్లను గట్టిగా అడుగుతున్నాం: బస్సును గేటు ఉన్న వైపే ఆపండి. రోడ్డుకు అవతల ఆపి, చీకట్లో నలభై మందిని దాటించే పద్ధతిని ఈ రాత్రి షిఫ్టు నుంచే మానండి. ఫోర్‌మన్ వినకపోతే పదిమంది కలిసి వెళ్లి అడగండి. బస్సు అవతలే ఆగితే ఒక మనిషి టార్చితో ముందు నిలబడి, రెండు వైపులా బండ్లు ఆగాకే మిగతావాళ్లను పంపాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 999కి ఫోన్ చేయండి, సూపర్‌వైజరుకు ఆ తర్వాత.